ఓడెక్కే చక్రాల కుర్చీ: చిక్కులన్నీ ఒడ్డు దగ్గరే

హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో ఉంటున్న పిల్లలు, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన తల్లిదండ్రులను టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి వారం రోజుల కరీబియన్ క్రూయిజ్‌కు తీసుకువెళ్లడం ఇప్పుడు అరుదైన సంగతేమీ కాదు. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న తండ్రికో, మోకాళ్లు అరిగిపోయిన తల్లికో టికెట్టు బుక్ చేస్తున్నప్పుడు ‘వీల్‌చైర్ కావాలా’ అన్న ప్రశ్న ఎదురవుతుంది; పిల్లలు మరో ఆలోచన లేకుండా అవునని టిక్కు పెడతారు. విమాన ప్రయాణంలో ఆ మాటకున్న అర్థం మనకు అంతగా అలవాటైపోయింది. శంషాబాద్‌లో చెకిన్ కౌంటరు దగ్గర కుర్చీలో కూర్చుంటే, అవతలి దేశంలో ఇమిగ్రేషన్ దాటి సామాను చేతికి వచ్చేదాకా ఎవరో ఒకరు తోసుకుపోతారు. కాళ్లు బాగానే ఉన్నవారు కూడా, భాష రాదనో, విమానం మారేచోట తప్పిపోతామనో ఆ కుర్చీ అడిగి పుచ్చుకోవడం మనవాళ్లలో ఉన్నదే.

క్రూయిజ్‌లో అదే మాటకు అర్థం వేరు. ఓడలో ఉండే కుర్చీలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, అత్యవసర వేళల్లో వాడడానికే ఉద్దేశించినవి; క్యాబిన్ దగ్గర దింపిన మరుక్షణం సిబ్బంది ఆ కుర్చీని వెనక్కి తీసుకుపోతారు. పెద్ద ఓడలు 300 మీటర్లకు పైబడిన పొడవు ఉంటాయి కనుక, ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి ఓడలో భోజనానికి వెళ్లి రావడానికే అలసిపోతాడు. సొంత కుర్చీ తీసుకువెళ్లాలి, లేదా ముందుగానే అద్దెకు మాట్లాడుకుని క్యాబిన్‌కు తెప్పించుకోవాలి. ఇంకొక అపోహ కూడా ఇక్కడే తీరిపోవడం మంచిది: మంచం మీద నుంచి కుర్చీలోకి లేవనెత్తడం, స్నానం చేయించడం, అన్నం తినిపించడం వంటివి ఓడ సిబ్బంది పనుల్లో లేవు. తోడుగా వచ్చినవారే చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఇంటికి వచ్చే అటెండరు చేసే పనులన్నీ ఓడలో కొడుకో కోడలో చేయవలసినవేనని ముందే అనుకుని బయలుదేరితే, రెండో రోజున ఇంటిల్లిపాదీ చిన్నబుచ్చుకోవలసిన అవసరం రాదు.

ఇంత చెప్పాక కూడా, చక్రాల కుర్చీ మీద ఆధారపడినవారికి క్రూయిజ్ అన్ని సెలవుల్లోకీ సులువైనదని నేను నమ్ముతాను. ఒక్కసారి సామాను సర్దుకుంటే చాలు, ఊళ్లే మన దగ్గరకు వస్తాయి. రోజుకో హోటలు, రోజుకో కొత్త బాత్రూము అన్న బాధ ఉండదు. లిఫ్టులు దాదాపు అన్ని అంతస్తులకూ వెళ్తాయి. ఓడ లోపలి జీవితం చాలావరకు సమతలం. ఇబ్బంది అంతా అంచుల దగ్గర ఉంటుంది: క్యాబిన్ గడప, బాత్రూము గడప, ఓడకూ రేవుకూ మధ్య వంతెన, ఓడకూ పడవకూ మధ్య జానెడు నీరు. చట్టం కూడా సరిగ్గా అలాంటి అంచుల దగ్గరే మారిపోతూ ఉంటుంది.

ముందు గడపల సంగతి. చాలా ఓడల్లో మామూలు క్యాబిన్ తలుపు వెడల్పు 22, 23 అంగుళాలకు మించదు. పెద్దవాళ్లు వాడే మామూలు కుర్చీ, చేత్తో తిప్పే బయటి రింగులతో కలిపి 24 నుంచి 27 అంగుళాల దాకా ఉంటుంది. అంటే కుర్చీ లోపలికే రాదు. మడిచి లోపల పెట్టుకుందామన్నా, మంచానికీ బల్లకూ మధ్య తిప్పుకునే చోటుండదు. ఆ గదిలోని బాత్రూము ఫ్యాక్టరీలో డబ్బాలా తయారై వచ్చి ఓడలో అమరుస్తారు. కింద గొట్టాలు పోవాలి, ఓడ ఊగినప్పుడు నీళ్లు గదిలోకి పారకూడదు, కనుక దాని గుమ్మానికి ఒక గడప లేచి ఉంటుంది, ఒక్కోచోట ఆరంగుళాల ఎత్తు దాకా. పాత పెంకుటిళ్లలో పెరిగినవారికి గడప కొత్త కాదు గానీ, అర్ధరాత్రి నిద్రమత్తులో, నేల ఊగుతుండగా దాన్ని దాటడం వేరే సంగతి.

అందుకే విడిగా కట్టిన క్యాబిన్లు ఉంటాయి. వాటి తలుపు కనీసం 32 అంగుళాలు తెరుచుకుంటుంది, లోపల కుర్చీ పూర్తిగా చుట్టూ తిరగడానికి ఐదడుగుల వ్యాసం ఉన్న ఖాళీ ఉంటుంది, స్నానాల గదికి గడప ఉండదు, కుర్చీతో నేరుగా షవరు కిందికి వెళ్లి గోడకు బిగించిన మడత బల్ల మీదికి మారవచ్చు. వేల మంది ఎక్కే ఓడలో ఇలాంటివి కొన్ని పదులకు మించి ఉండవు, కనుక చాలా ముందే నిండిపోతాయి. వీటిలోనూ తరగతులున్నాయి, మోసపోయేది అక్కడే. కొన్ని కంపెనీలు మూడు రకాలుగా విడదీస్తాయి: మంచానికి రెండు వైపులా కుర్చీ పట్టే గదులు, ఒకే వైపు పట్టేవి, కొద్దిగా నడవగలిగినవారి కోసం పట్టుకునే కడ్డీలు మాత్రం అమర్చినవి. మూడో రకానికి కూడా జాబితాలో అదే చక్రాల కుర్చీ బొమ్మ కనిపించవచ్చు, తలుపు మాత్రం ఇరుకుదే అయి ఉండవచ్చు. పక్షవాతం వల్ల ఎడమ వైపు పట్టు తప్పినవారికి మంచానికి ఏ వైపు ఖాళీ ఉందన్నది కూడా ప్రశ్నే. కుడి చేత్తో ఊతం తీసుకుని లేచే మనిషికి ఎడమ వైపు మాత్రమే చోటున్న గది ఇస్తే ప్రతి రాత్రీ ఒక పరీక్ష. కనుక ‘యాక్సెసబుల్ రూమా’ అని అడిగి ఊరుకోకుండా, తలుపు ఎన్ని అంగుళాలు, స్నానాల గదికి గడప ఉందా లేదా, మంచం ఎత్తెంత, ఏ వైపు ఖాళీ అని విడివిడిగా అడగాలి, సమాధానం ఈమెయిల్లో తీసుకోవాలి. మన కుర్చీని కూడా మనమే టేపుతో కొలుచుకోవాలి: బయటి రింగు నుంచి బయటి రింగుకు, ఆపైన రింగును పట్టిన పిడికిళ్లకు ఇరువైపులా తలా ఒక అంగుళం కలిపి.

విద్యుత్ కుర్చీ, స్కూటరు ఉన్నవారికి ఇంకొక నిబంధన తగులుతుంది. వాటిని నడవాలో నిలపనివ్వరు, అక్కడ ఛార్జింగు పెట్టనివ్వరు. మంటలంటుకుంటే జనం పరుగెత్తవలసిన దారి అదే కనుక ఇది వట్టి చాదస్తం కాదు. స్కూటరు గదిలోకి పట్టకపోతే గది మారాలి, లేదా స్కూటరు మారాలి. బ్యాటరీ వల్ల వచ్చే అసలు చిక్కు ఓడ కన్నా ముందు విమానంలో ఉంటుంది. మడిచే తేలిక కుర్చీల్లో వాడే, విప్పదీయగల లిథియం బ్యాటరీ ఒక్కటే అయితే 300 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే విద్యుత్తు కొలత) దాకా, రెండైతే ఒక్కొక్కటి 160 దాకా విమానయాన నిబంధనలు అనుమతిస్తాయి, వాటిని సామానులో పడేయకుండా చేతిలోనే తీసుకువెళ్లాలి. బ్యాటరీ మీద వాట్-అవర్లు రాసి లేకపోతే వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించుకోవాలి: 24 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లయితే 240. విమానంలో కుర్చీ విరిగితే పరిహారం ఎంతన్నదీ తెలుసుకుని ఉండడం మంచిది. అంతర్జాతీయ ప్రయాణాల్లో, విమాన సంస్థలు ఇవ్వవలసిన పరిహారాన్ని నిర్ణయించే మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం చక్రాల కుర్చీని కూడా సామాను కిందే లెక్కగడతారు. 2024 డిసెంబరు 28 నుంచి ఆ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో వాడే ప్రమాణం), అంటే సుమారు రెండు వేల డాలర్లు. మంచి విద్యుత్ కుర్చీ ధరకు అది ఏ మూలకూ చాలదు. చెకిన్ సమయంలోనే ఎక్కువ విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టి, రసీదు తీసుకునే వీలు ఆ ఒడంబడికలోనే ఉంది. దాన్ని వాడుకునేవారు తక్కువ.

ఇక ఒడ్డు. క్రూయిజ్ కంపెనీల పుస్తకాల్లో రేవులన్నీ ఒకే వరుసలో, ఒకే సైజు బొమ్మలతో కనిపిస్తాయి. చక్రాల కుర్చీ వైపు నుంచి చూస్తే అవి రెండు జాతులు. ఓడ గట్టుకు ఆనుకుని నిలిచేవి ఒకటి, గట్టుకు దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో జనాన్ని చేరవేసేవి రెండోది. ఆ పడవలను టెండర్లంటారు. గాల్వెస్టన్ నుంచి వెళ్లే ఓడలు ఆగే మెక్సికో రేవులు కోజుమెల్, కోస్టా మాయాల్లో గట్టు ఉంది. గ్రాండ్ కేమన్‌లో టెండరు, బెలీజ్ నగరంలోనూ టెండరే, అక్కడ సముద్రం లోతు తక్కువ కాబట్టి ఓడ చాలా దూరంలో ఆగిపోతుంది. గ్రీసులోని శాంతోరినీ ఇంకా కష్టం: టెండరు దిగాక కూడా పాత రేవు నుంచి కొండ మీది ఊరికి 580కి పైగా మెట్లు, లేదంటే కంచరగాడిద, లేదంటే రోప్‌వే.

టెండరు ఎక్కడం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడాలి. ఓడ పక్క గోడలో, నీటికి దాదాపు సమానంగా ఒక తలుపు తెరుస్తారు. అక్కడికి చేరడానికే కొన్ని ఓడల్లో లిఫ్టు తర్వాత నాలుగైదు ఇనుప మెట్లుంటాయి. తలుపు ముందు చిన్న వేదిక, దాని పక్కన మోకులతో కట్టిన పడవ. ఓడ కదలదు, పడవ మాత్రం అలతో లేస్తుంది, పడుతుంది. ఒక క్షణం రెండూ సమానంగా ఉంటాయి, మరు క్షణం అడుగు తేడా వస్తుంది. ఇద్దరు నావికులు చెరో చేయీ పట్టుకుని, అల లేచే క్షణం కోసం చూసి, ‘ఇప్పుడు’ అంటారు. నడవగలిగినవారు ఆ మాటకు అడుగు వేస్తారు. అడుగు వేయలేనివారిని కుర్చీతో సహా ఎత్తి దాటించడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. కొన్ని ఓడల్లో దానికోసం ప్రత్యేక ఏర్పాటు ఉంది, తక్కినచోట్ల మడిచే కుర్చీ అయి, మనిషి స్వయంగా రెండడుగులు వేయగలిగితేనే పంపుతారు. నూరు కిలోలు దాటే విద్యుత్ కుర్చీల మాట అడగనక్కరలేదు. ముందుగా ఎంత హామీ ఇచ్చినా, ఆ ఉదయం సముద్రాన్ని చూసి కెప్టెన్ చెప్పిందే ఆఖరి మాట. ఇది చాలామందికి కోపం తెప్పిస్తుంది గానీ, ఆ అడుగు తేడా చూసినవారు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేరు. తప్పు పట్టవలసింది, నాలుగు రేవుల్లో మూడు టెండరు రేవులున్న యాత్రను ఆ సంగతి చెప్పకుండా అమ్మిన ఏజెంటును.

గట్టున్న రేవుల్లోనూ గ్యాంగ్‌వే అనే వంతెన వాలు ఒకేలా ఉండదు. నేల మీద ర్యాంపుకు మంచి లెక్క 1:12, అంటే మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు. ఆరు మీటర్ల గ్యాంగ్‌వే రెండు మీటర్లు లేచిందంటే అది 1:3 వాలు. బలమైన మనిషి వెనక నుంచి తోసినా ఎక్కడం కష్టం, దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించకపోతే ప్రమాదం. గట్టు కదలదు, ఓడ మాత్రం ఆటుపోట్లతో లేస్తుంది, దిగుతుంది. కరీబియన్‌లో ఆ తేడా అర మీటరు లోపే కనుక ఉదయం ఉన్న వాలే సాయంత్రమూ ఉంటుంది. అలాస్కా తీరంలో కొన్నిచోట్ల పోటుకూ పాటుకూ మధ్య ఐదారు మీటర్ల తేడా వస్తుంది. ఊరు చూసి వచ్చేసరికి గ్యాంగ్‌వేను ఇంకో అంతస్తుకు మార్చి ఉంటారు. అలాంటి రేవుల్లో సిబ్బందిని అడిగి ఆ రోజు పోటుపాట్ల సమయాలు తెలుసుకుని, వాలు తక్కువగా ఉండే గంటలో దిగి, అదే గంట చూసుకుని ఎక్కడం తెలివైన పని. వంతెన దాటాక ఊళ్లోకి పోయే బస్సుకు లిఫ్టు ఉందా అన్నది మరో ప్రశ్న. ఓడవాళ్లు అమ్మే విహారాల్లో చాలావాటికి బస్సు మెట్లెక్కగలగాలి. మొదటిసారి వెళ్లేవారికి నా సలహా ఒక్కటే: ఓడ ఎంత కొత్తది, అందులో జారుడుబల్లలు ఎన్ని అని చూడకుండా, రేవుల జాబితా ముందు పెట్టుకుని ఒక్కోదాని పక్కన గట్టా, టెండరా అని రాసుకుని, గట్లు ఎక్కువగా ఉన్న యాత్రను ఎంచుకోవాలి.

నదీ విహారాలు మెత్తగా, చిన్నగా, సులువుగా ఉంటాయనుకుంటారు గానీ లెక్క తిరగబడుతుంది. రైన్, డాన్యూబ్ నదులను కలిపే కాలువలో లాకుల వెడల్పు 12 మీటర్లే. అందువల్ల అక్కడి పడవలు 11.45 మీటర్లకు మించవు, లోపలి నడవాలూ తలుపులూ అంతకంత ఇరుకు. వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి కనుక పై డెక్కు దాకా లిఫ్టు వెళ్లదు. పైగా రేవుల్లో రెండు మూడు పడవలను పక్కపక్కన కట్టేస్తారు, ఒకదాని మీదుగా ఇంకొకటి దాటి ఒడ్డు చేరాలి. మన పాపికొండల లాంచీకి చెక్క బల్ల మీదుగా ఎక్కినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చట్టం మాట. అమెరికా రేవుల నుంచి బయలుదేరే పెద్ద క్రూయిజ్ ఓడల్లో అత్యధికం బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా వంటి దేశాల జెండా కింద నడుస్తాయి. అమెరికా వికలాంగుల చట్టం 1990లో వచ్చింది, అది ఈ విదేశీ ఓడలకు వర్తిస్తుందా అన్న ప్రశ్న పదిహేనేళ్లు తేలలేదు. హ్యూస్టన్ నుంచి ప్రయాణించిన కొందరు వేసిన స్పెక్టర్ వర్సెస్ నార్వేజియన్ క్రూయిజ్ లైన్ కేసులో 2005 జూన్ 6న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జస్టిస్ ఆంథొనీ కెన్నెడీ రాసిన అభిప్రాయం ప్రకారం, అమెరికా జలాల్లో ఉన్న విదేశీ ఓడలకూ ఆ చట్టం వర్తిస్తుంది. వికలాంగుల దగ్గర ఎక్కువ డబ్బు వసూలు చేయడం వంటివి ఓడ అంతర్గత వ్యవహారం కిందికి రావు. కానీ ఓడ నిర్మాణాన్నే మార్చవలసి వచ్చేచోట, సముద్ర భద్రతపై అంతర్జాతీయ ఒడంబడికకు అడ్డు వచ్చేచోట ఆ చట్టం అంత దూరం పోదు. తలుపుల కింద లేచి ఉండే గడపల ప్రస్తావన ఆ తీర్పులోనూ వచ్చింది: నీరు లోపలికి రాకుండా ఆపే గడపను కోర్టు తీయించలేదు. 2010లో అమెరికా రవాణా శాఖ ఓడ ప్రయాణికుల పట్ల వివక్షను నిషేధిస్తూ నియమాలు తెచ్చింది. క్యాబిన్ల కొలతలు, రేవు వంతెనల వాలు వంటి వాటికి 2013లో ముసాయిదా ప్రమాణాలు వెలువడ్డాయి గానీ, అవి ముసాయిదాగానే నిలిచిపోయాయి. అందువల్లనే ఒకే కంపెనీ ఓడల్లో కూడా గది గదికీ తేడా కనిపిస్తుంది.

ఐరోపాలో దారి వేరు. 2012 డిసెంబరు 18 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య నిబంధన, అక్కడి రేవులో మొదలయ్యే క్రూయిజ్‌లకు వర్తిస్తుంది. 48 గంటల ముందు తెలియజేస్తే రేవులోనూ ఓడలోనూ ఉచితంగా సాయం అందించాలి, కుర్చీ పాడైతే బాగుచేయించే ఖర్చో కొత్తదాని ధరో ఇవ్వాలి. తోడు మనిషి తప్పనిసరి అని కంపెనీ పట్టుబడితే ఆ మనిషికి మామూలు ఫెర్రీల్లో టికెట్టు అక్కరలేదు, క్రూయిజ్‌లకు ఆ వెసులుబాటు లేదు. ఒకే వాక్యంలో దాగిన ఈ తేడా జేబుకు చిల్లు పెట్టగలదు.

ప్రమాద వేళ గురించి క్లుప్తంగా. మంటలు వస్తే లిఫ్టులు వాడరు, మెట్ల మీద సిబ్బంది ప్రత్యేక కుర్చీల్లో మోసుకుపోతారు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగి 32 మంది చనిపోయిన తర్వాత, 2015 జనవరి 1 నుంచి, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో ప్రయాణికులను సమీకరించి కసరత్తు చేయించడం తప్పనిసరి అయింది. ఆ కసరత్తును తప్పించుకోకుండా, తన పేరు సాయం కావలసినవారి జాబితాలో ఉందో లేదో అక్కడే అడిగి చూసుకోవాలి.

మన దగ్గర వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని 41వ సెక్షన్ బస్ స్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలను పేరుపెట్టి చెబుతుంది. ఓడరేవుల పేరు అందులో లేదు. అన్ని రవాణా సాధనాలూ అందుబాటులో ఉండాలన్న తర్వాతి వాక్యం కిందే వాటిని చదువుకోవాలి. అందుబాటు కొలతలు, ప్రమాణాలను వట్టి సలహాలుగా మిగిల్చిన, ఆ చట్టం కింద 2017లో రాసిన నియమాల్లోని 15వ నియమం చెల్లదని రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తేల్చి, మూడు నెలల్లో తప్పనిసరి నియమాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన పరిస్థితుల నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం.

విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. రెండు వేల మంది ప్రయాణికులు పట్టే భవనం, ఓడ ఆనుకునే గట్టు అక్కడ ఉన్నాయి. అంతకుముందే, 2022 జూన్‌లో, ఎంప్రెస్ అనే ఓడ విశాఖ, పుదుచ్చేరి, చెన్నైల మధ్య తిరిగింది, 2025లో మళ్లీ వచ్చింది. తర్వాత ఎన్ని మార్పులు జరిగినా ఆ ఓడ చట్రం 1990 నాటిది, అంటే అమెరికా వికలాంగుల చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టిన ఏడాదిది. పైగా పుదుచ్చేరిలో అంత పెద్ద ఓడ ఆనుకునే లోతు లేదు, ఓడ సముద్రంలో నిలిచిపోతే ప్రయాణికులను పడవల్లో ఒడ్డుకు చేరవేస్తారు. తల్లిదండ్రులను విశాఖలో ఎక్కించాలనుకునే పిల్లలు బుకింగు ఆఫీసుకు ఫోన్ చేసి, గది తలుపు ఎన్ని అంగుళాలో అడిగిన తర్వాత, పుదుచ్చేరిలో పడవ దిగలేని మనిషికి ఆ రోజంతా ఓడలో భోజనం, లిఫ్టు, డెక్కు అన్నీ మామూలుగానే ఉంటాయా అని కూడా అడగాలి.